ఎరువు తెచ్చుకున్న తరగతి

"అక్కా, మా ఊరి స్కూల్లో లెక్కల సార్ లేరంట. ఒక నెల వచ్చి చెప్పమంటున్నారు. వెళ్ళనా? వెళ్తే ఏం చెయ్యాలి?"

ఆఫర్ లెటర్ చేతిలో ఉండి జాయినింగ్ డేట్ రాని సీనియర్లకీ, సెలవులకి ఇంటికెళ్ళిన జూనియర్లకీ ఈ పిలుపు తరచూ వస్తూనే ఉంటుంది. "బీటెక్ చదివారు కదా, ఏడో తరగతి లెక్కలు చెప్పలేరా?" అన్నది ఊరివాళ్ళ ధీమా. నేను కూడా జాయినింగ్ కోసం ఎదురుచూసిన నెలల్లో, మా మండలంలో ఒక ప్రైవేటు హైస్కూల్లో సెలవు మీద వెళ్ళిన టీచర్ బదులు ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకి లెక్కలు చెప్పాను. ఆ సంగతి తెలిసినవాళ్ళు ఫోన్ చేసి అడుగుతుంటారు. ఒక్కొక్కరికీ చెప్పేదంతా ఒకచోట రాస్తే మిగతావాళ్ళకీ పనికొస్తుందని ఈ వ్యాసం.

ముందు ఒక పాత మాట గుర్తు చేసుకుందాం: ఎరువు. పొలానికి వేసేది కాదు. పెళ్ళికో పేరంటానికో పక్కింటివాళ్ళని అడిగి తెచ్చుకుని, పని అయ్యాక తిరిగిచ్చేసే వస్తువు. 'ఎరువు సొమ్ము బరువు చేటు' అని సామెత కూడా ఉంది. బదులు టీచర్‌కి దొరికే తరగతి అచ్చం అలాంటిదే. అది మనది కాదు. మనకంటే ముందు దానికి ఒక టీచర్ ఉన్నారు, మన తర్వాతా ఉంటారు. ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకుంటే కింద రాసిన వాటిలో సగం మీకే తోస్తాయి.

ఆ కుర్చీ ఎందుకు ఖాళీ అవుతుంది?

టీచర్ రాకపోవడానికి జ్వరం ఒక్కటే కారణం కాదు. ప్రభుత్వ బడిలో టీచరమ్మకి ప్రసూతి సెలవు 180 రోజులు. విద్యా హక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి ఎనిమిది తరగతులకి ఏడాదికి కనీసం 220 పనిదినాలు ఉండాలి. ఆదివారాలూ పండగలూ తీసేసి చూసినా ఆ సెలవు బడి ఏడాదిలో సుమారు సగాన్ని తినేస్తుంది. పిల్లల లెక్కలు మాత్రం ఆర్నెల్లు ఆగవు. అదే చట్టం 27వ సెక్షన్ టీచర్లకి చదువుతో సంబంధం లేని పనులు అప్పగించకూడదంటూనే జనాభా లెక్కలు, విపత్తు సహాయం, ఎన్నికల విధులు అనే మూడింటికి మినహాయింపు ఇచ్చింది. ఇవి కాక శిక్షణలు, బదిలీలు ఉంటాయి.

అసలు టీచరే లేని ఖాళీలు వేరే. మంజూరైన పోస్టుల్లో పది శాతానికి మించి ఖాళీలు ఉండకూడదని 26వ సెక్షన్ చెప్తుంది. కానీ నియామకాల మధ్య ఏళ్ళు గడుస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2018 డీఎస్సీ తర్వాత మళ్ళీ నియామకాలు జరిగింది 2025 మెగా డీఎస్సీతోనే. దానికి 16,347 పోస్టులు. తెలంగాణలో 2017 నాటి టీఆర్టీ తర్వాత 2024లో 11,062 పోస్టులకి డీఎస్సీ వచ్చింది. మధ్యలో ఆ తరగతులకి ఎవరో ఒకరు నిలబడాలి కదా!

ఒక్క రోజు లోటైతే లీజర్ ఉన్న టీచర్‌ని ఆ పీరియడ్‌కి పంపుతారు. వారాలైతే పక్క బడి నుంచి ఒకరిని సర్దుతారు. స్టాఫ్ రూం భాషలో దాన్ని 'వర్క్ అడ్జస్ట్‌మెంట్' అంటారు. నెలలైతే తెలంగాణలో విద్యా వాలంటీర్లు, ఆంధ్రలో అకడమిక్ ఇన్‌స్ట్రక్టర్లు అనే పేర్లతో గౌరవ వేతనం మీద తాత్కాలికంగా తీసుకున్న సందర్భాలు ఉన్నాయి. వాటికి నోటిఫికేషన్, అర్హతలు, మెరిట్ లిస్టు ఉంటాయి. మనలాంటివాళ్ళకి వచ్చే పిలుపు మాత్రం చాలావరకు ప్రైవేటు బడి నుంచో, లేదా 'కాస్త సాయంగా వచ్చి చెప్పండి' అనే ఊరి బడి నుంచో ఉంటుంది.

ఇక్కడొక జాగ్రత్త. ఒకటి నుంచి ఎనిమిది తరగతుల టీచర్లకి కనీస అర్హతలు ఉండాలని 23వ సెక్షన్ చెప్తుంది. దాని కిందే 2010లో టెట్ వచ్చింది. కాబట్టి బీఈడీ, టెట్ లేకుండా సాయానికి వెళ్ళేవాళ్ళు తాము సాయానికే వచ్చామని గుర్తుంచుకోవాలి. ఊళ్ళో పెద్దమనిషి చెప్పారనో, స్నేహితుడు రమ్మన్నాడనో నేరుగా క్లాసులోకి వెళ్ళి నిలబడొద్దు. హెడ్మాస్టర్ గారితో మాట్లాడి, ఏ తరగతి, ఏ సబ్జెక్టు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు అన్నది కాగితం మీద రాయించుకోండి. ప్రైవేటు బడైతే జీతం సంగతి కూడా మొదటి రోజే తేల్చుకోండి. నెల చివర్లో మొహమాటపడటం కంటే అది నయం.

ఒక నెల పోతే ఏమవుతుంది?

"నెల రోజులే కదా, ఏదో ఒకటి చెప్పి నెట్టుకొస్తే సరి" అనిపించొచ్చు. ఏడో తరగతిలో పూర్ణసంఖ్యల పాఠాన్ని తీసుకోండి. మైనస్ మూడులోంచి మైనస్ అయిదు తీసేస్తే ప్లస్ రెండు ఎలా వస్తుందో పిల్లలు అప్పుడే నేర్చుకుంటారు. ఆ రెండు వారాలు టీచర్ లేకపోతే పిల్ల "మైనస్ మైనస్ ప్లస్" అని బట్టీ కొడుతుంది. తర్వాత దాన్ని ఎక్కడ వాడాలో, ఎక్కడ వాడకూడదో తెలియక మైనస్ మూడుకి మైనస్ అయిదు కలిపి ప్లస్ ఎనిమిది అని రాస్తుంది. ఎనిమిదిలో సమీకరణాలు, తొమ్మిదిలో నిరూపక జ్యామితి అన్నీ దాని మీదే నిలబడతాయి. మన బ్యాచ్‌లోనే చూడండి. ఇంటిగ్రేషన్ అంతా కరెక్టుగా చేసి చివర్లో గుర్తు దగ్గర మార్కులు పోగొట్టుకునేవాళ్ళు ఎంతమంది! వాళ్ళలో కొందరికైనా ఆ ఏడో తరగతి నెల ఖాళీగా పోయి ఉండొచ్చు.

పైగా టీచర్ కుర్చీ పదేపదే ఖాళీ అవుతుంటే పిల్లలు ఇంకో పాఠం నేర్చుకుంటారు: 'మనకోసం ఎవరూ ఉండరు' అని. అందుకే మీరు ఉండేది నాలుగు రోజులైనా పాఠం నడవాలి.

బెల్లు కొట్టక ముందు

వీలైతే ఒక రోజు ముందు బడికి వెళ్ళండి. హెడ్మాస్టర్ గారిని టైంటేబుల్ అడగండి. సెలవులో ఉన్న టీచర్‌తో ఒక్కసారి ఫోన్లో మాట్లాడొచ్చేమో ఆయన ద్వారానే కనుక్కోండి. కుదిరితే పావుగంట చాలు. "ఎక్కడ ఆపారు? ఏ పిల్లలకి ఎక్కువ సాయం కావాలి? మీరు మళ్ళీ వచ్చేసరికి ఎక్కడిదాకా రావాలి?" ఈ మూడే అడగండి. ఆవిడ సెలవులో ఉన్నారు, రోజూ ఫోన్ చేసి విసిగించకూడదు.

పాఠం ఎక్కడ ఆగిందో తెలుసుకోవడానికి నోటు పుస్తకాలని మించిన సాక్ష్యం లేదు. మూడు తెప్పించుకోండి: క్లాస్ లీడర్‌ది, మధ్య బెంచీలో ఒకరిది, చివరి బెంచీలో ఒకరిది. లీడర్ పుస్తకం టీచర్ ఎక్కడిదాకా చెప్పారో చూపిస్తుంది, చివరి బెంచీ పుస్తకం పిల్లలు ఎక్కడిదాకా వచ్చారో చూపిస్తుంది. రెండింటి మధ్య పదిహేను పేజీల తేడా ఉంటే ఆశ్చర్యపోకండి. మీ మొదటి వారం పని ఆ పదిహేను పేజీల్లోనే ఉంది.

ఆరోగ్యం సంగతి తప్పకుండా అడగండి. మూర్ఛ వచ్చే పిల్లలు, సరిగ్గా వినపడని పిల్లలు, కళ్ళద్దాలు ఉండీ పెట్టుకోని పిల్లలు ఎవరో తెలియాలి. బాత్రూంకి ఎలా పంపుతారు, ఇంటర్వెల్ ఎప్పుడు, మధ్యాహ్న భోజనానికి లైను ఎలా కడతారు అన్నవి మనకి చిన్న విషయాలు, వాళ్ళకి అదే బడి.

భాష సంగతి కూడా చూసుకోండి. రెండు రాష్ట్రాల ప్రభుత్వ పుస్తకాల్లో ఇప్పుడు ఒక పేజీ తెలుగులో, దాని ఎదురు పేజీ ఇంగ్లీషులో ఉండే పాఠాలు కనిపిస్తాయి. పిల్లలు ఏ పేజీలో చదువుతున్నారో మనం ఆ పేజీలోంచే మొదలుపెట్టాలి. లవం, హారం, కసాగు, గసాభా లాంటి మాటలు మనం మర్చిపోయి ఉంటాం. ముందు రోజు రాత్రి ఒకసారి తిరగేసుకుంటే బోర్డు దగ్గర తడబడం.

మొదటి పది నిమిషాలు

బెల్లు కొట్టేసరికి మీరు తలుపు దగ్గర ఉండాలి. ఆలస్యంగా వెళ్తే అప్పటికే ఆ గదిలో వేరే రాజ్యం నడుస్తుంటుంది.

బోర్డు మీద తేదీ, పాఠం పేరు, పేజీ నంబరు రాయండి. మీ పేరు చెప్పండి. తర్వాత వాళ్ళు అడగకపోయినా వాళ్ళ మనసులో ఉన్న ప్రశ్నకి జవాబు చెప్పండి: "మీ మేడమ్ ఫలానా నెలలో తిరిగొస్తారు. అప్పటిదాకా నేనుంటా." తేదీ తెలియకపోతే తెలియదనే చెప్పండి. ఇష్టమైన టీచర్ ఉన్నట్టుండి కనపడకపోతే చిన్నపిల్లలు ఏవేవో ఊహించుకుంటారు. ఆ టీచర్ సెలవు కారణం మాత్రం మీరు చెప్పకండి. అది ఆవిడ సొంత విషయం.

హాజరు పట్టీ మీ చేతికి ఇస్తే నిదానంగా పిలవండి. పేరు ఎలా పలకాలో ఆ పిల్లనే అడగండి. ఒకే పేరు ఇద్దరికి ఉంటే ఇంటి పేరుతో పిలవాలా, నంబరుతోనా అని వాళ్ళనే అడగొచ్చు. 'నల్లోడు', 'పొట్టిది' లాంటి పేర్లు క్లాసంతా పిలుస్తున్నా మీ నోటి నుంచి రాకూడదు. ప్రభుత్వ బడుల్లో మధ్యాహ్న భోజనానికి ఆ పూట హాజరు లెక్కే ఆధారం. అంకె తప్పు పడితే పళ్ళెం దగ్గర తేలుతుంది.

'కొత్త బిచ్చగాడు పొద్దెరగడు' అన్నట్టు మొదటి రోజే ఉపన్యాసం దంచకండి. సెమినార్లలో మనకి అలవాటైన పద్ధతి, అంటే స్క్రీన్ వైపు తిరిగి స్లైడ్ చదివేయడం, ఇక్కడ అస్సలు పనికిరాదు. వీపు బోర్డు వైపు, మొహం పిల్లల వైపు ఉండాలి. నలభై నిమిషాల పీరియడ్‌లో పది నిమిషాలు మీరు చెప్పండి, ఇరవై నిమిషాలు వాళ్ళు చెయ్యాలి, మిగిలిన పది నిమిషాలు చూసి సరిదిద్దడానికి.

పిల్లలు పెట్టే పరీక్ష

మీరు ఇంకా పరీక్ష పెట్టకముందే వాళ్ళు మీకు పెడతారు.

"మిస్, మా మేడమ్ శుక్రవారం ఆడుకోనిస్తారు." "మిస్, మాకు ఈ పాఠం అయిపోయింది." "మిస్, నా ప్లేస్ ఇది కాదు, అక్కడ." ఇవన్నీ అబద్ధాలు కావు, అన్నీ నిజాలూ కావు. వెంటనే ఒప్పుకోవద్దు, తిట్టనూ వద్దు. "సరే, మేడమ్‌ని అడిగి చెప్తా. ఇవాళ్టికి ఇలా చేద్దాం" అంటే సగం గొడవ అక్కడే ఆగిపోతుంది. అడుగుతానన్నది మాత్రం నిజంగా అడగాలి. మర్నాడు జవాబు చెప్తే మీ మాటకి విలువ ఉందని వాళ్ళకి తెలుస్తుంది.

అసలైన పరీక్ష ఇంకొకటి ఉంది. "అర్థమైందా?" అని అడిగితే నలభై గొంతులు ఒక్కసారిగా "అర్థమైంది మిస్!" అంటాయి. దాన్ని నమ్మకండి. ఆ కోరస్ బడిలో అలవాటు, జవాబు కాదు. బోర్డు మీద ఒక చిన్న లెక్క వేసి, రఫ్ నోట్సులో జవాబు పెద్ద అంకెల్లో రాసి పుస్తకం పైకెత్తి చూపించమనండి. ఒక్క చూపులో ఎంతమందికి వచ్చిందో కనపడిపోతుంది. తప్పు రాసిన పిల్లని అందరి ముందూ నిలబెట్టక్కర్లేదు. తర్వాత తన బెంచీ దగ్గరికి మీరే వెళ్ళండి.

"మా మేడమ్ ఇలా చెప్పలేదు" అనే మాట కూడా వస్తుంది. కసాగు కనుక్కోవడానికి ఆవిడ భాగహార పద్ధతి నేర్పి ఉంటారు, మనకేమో ప్రధాన కారణాంకాలతో అలవాటు. మన పద్ధతి మనకి ఎంత ముద్దైనా ముందు ఆవిడ పద్ధతిలోనే చెప్పాలి. పిల్లలకి అది కుదురుకున్నాక, టైం ఉంటే, "ఇంకోలా కూడా చెయ్యొచ్చు, చూడండి" అనొచ్చు. నోట్సులో నిజంగానే తప్పు కనిపిస్తే లెక్క సరిచేయించండి, "మీ టీచర్ తప్పు చెప్పారు" అనకండి. మీరు వెళ్ళిపోయాక కూడా పిల్లలు ఆవిడ మాటే వినాలి కదా. తెలియని ప్రశ్న వస్తే "రేపు చూసి చెప్తా" అని, మర్నాడు మొదటి నిమిషంలోనే చెప్పండి.

మాట్లాడేవాళ్ళ పేర్లు బోర్డు మీద రాయమని లీడర్‌కి సుద్దముక్క ఇచ్చే అలవాటు మనందరికీ తెలుసు. మనలో కొందరు ఆ లిస్టులో పర్మనెంటు సభ్యులం కూడా! కొత్త టీచర్ ఆ పని చేయించకపోవడం మంచిది. ఎవరి మీద ఎవరికి కోపం ఉందో మనకి తెలియదు. ఆ లిస్టులో అల్లరి కంటే పాత పగలే ఎక్కువ ఉంటాయి.

పాఠం చేతిలో లేని రోజుకి

ఉన్నట్టుండి "ఆరో పీరియడ్ కూడా మీరే చూసుకోండి" అంటారు. ఆ రోజు కోసం ఒకటి రెండు పాఠాలు ఎప్పుడూ జేబులో ఉండాలి. నేను వాడినవి రెండు చెప్తా.

మొదటిది 6174. మహారాష్ట్రలో నాసిక్ దగ్గర దేవ్లాలీలో బడి పంతులుగా పనిచేసిన డి. ఆర్. కాప్రేకర్ 1949లో కనిపెట్టిన విశేషం ఇది. నాలుగంకెల సంఖ్య ఒకటి అనుకోమనండి, నాలుగూ ఒకే అంకె కాకూడదు. అంకెల్ని పెద్ద నుంచి చిన్నకి పేర్చాలి, మళ్ళీ చిన్న నుంచి పెద్దకి పేర్చాలి, పెద్దదాంట్లోంచి చిన్నది తీసేయాలి. వచ్చిన జవాబుతో మళ్ళీ అదే చెయ్యాలి. 3524 తీసుకుంటే 5432లోంచి 2345 పోతే 3087. తర్వాత 8730లోంచి 0378 పోతే 8352. తర్వాత 8532లోంచి 2358 పోతే 6174. ఇంకోసారి చేసినా మళ్ళీ 6174 వస్తుంది. ఎవరు ఏ సంఖ్యతో మొదలుపెట్టినా ఏడు మెట్లలోపే అక్కడికి చేరతారు. ఒక్క జాగ్రత్త: 2111 లాంటి దానికి తేడా 999 వస్తుంది. దాన్ని 0999 అని నాలుగంకెలుగానే రాసుకోవాలి, లేకపోతే దారి తప్పుతుంది.

ఒక్కో పిల్లకీ ఒక్కో సంఖ్య కాబట్టి పక్కవాళ్ళ పుస్తకంలో చూసి రాయడానికి ఏమీ ఉండదు. అందరికీ ఒకే జవాబు వచ్చేసరికి క్లాసులో పుట్టే గోల మంచి గోల. మీకు ఇంకో లాభం కూడా ఉంది. 6174కి చేరని పిల్లల్లో చాలామంది ఆగిపోయింది ఒకే చోట: అప్పు తెచ్చుకునే తీసివేత దగ్గర. ఎనిమిదో తరగతిలో కూడా సున్నాలోంచి అప్పు తేవడం రానివాళ్ళు ఉంటారు. వాళ్ళు తమంతట తాము ఎప్పుడూ చెప్పరు, ఈ ఆటలో బయటపడుతుంది. ఆ రోల్ నంబర్లు రాసుకోండి.

రెండోది తెలుగు గొలుసు. ఒకరు ఒక మాట చెప్తే దాని చివరి అక్షరంతో పక్కవాళ్ళు ఇంకో మాట చెప్పాలి: పలక, కడవ, వల, లత, తల. కాసేపటికి ఎవరో 'వీణ' అంటారు, గొలుసు తెగుతుంది. 'మేళ' అన్నా అంతే. 'ణ'తో, 'ళ'తో మొదలయ్యే తెలుగు మాట దొరకడం లేదేమిటి అని పిల్లలు జుట్టు పీక్కుంటారు. అప్పుడు అడగండి: "ఇంకా ఏయే అక్షరాలు మాట మొదట్లో రావు? నిఘంటువు తెచ్చి చూద్దామా?" అచ్చులూ హల్లులూ వల్లె వేయడం కంటే ఇది ఎంత బాగుంటుందో చూడండి. మన క్లబ్బు వాళ్ళకి ఇంతకంటే మంచి పీరియడ్ ఏముంటుంది!

చెయ్యకూడనివి

కొట్టకూడదు. విద్యా హక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షనీ, మానసిక వేధింపునీ రెండింటినీ నిషేధించింది. "నాలుగు తగిలించండి మిస్, మేమేం అనుకోం" అని తల్లిదండ్రులే వచ్చి చెప్తారు. వాళ్ళు ఒప్పుకున్నంత మాత్రాన చట్టం ఒప్పుకోదు. గోడకుర్చీ వేయించడం, 'మొద్దు' అనడం, అక్కతోనో పక్కింటి పిల్లతోనో పోల్చి నవ్వించడం కూడా అందులోకే వస్తాయి. అల్లరి చేసే పిల్లాణ్ణి గది బయట నిలబెట్టొద్దు. వాడు గేటు దాటి వెళ్ళిపోతే బాధ్యత మనదే. ముందు బెంచీకి మార్చి, బోర్డు తుడిచే పనో పుస్తకాలు పంచే పనో ఇస్తే చాలామంది దారిలోకి వస్తారు.

ఫోన్ బ్యాగులో ఉండాలి. పిల్లల ఫోటోలు స్టేటస్‌లో పెట్టడం, క్లాసులో రీల్ తీయడం వద్దే వద్దు, ఎంత ముద్దొచ్చినా సరే. పెద్ద తరగతుల పిల్లలు మన కంటే ఆరేడేళ్ళే చిన్న. 'ఇన్‌స్టా ఐడీ ఇవ్వండి మిస్' అంటారు. నవ్వేసి ఊరుకోండి. ఏ పిల్లతోనూ తలుపు మూసిన గదిలో ఒంటరిగా ఉండకండి. టీ తెమ్మని గేటు బయటికి పంపకండి. బడి మధ్యలో ఎవరైనా వచ్చి "మా పిల్లని తీసుకెళ్తా" అంటే హెడ్మాస్టర్ గదికి పంపండి, మీరు పంపించేయకండి.

ఒంటి మీద దెబ్బలు కనిపించినా, పిల్ల ఏదైనా భయం చెప్పుకున్నా, "ఎవరికీ చెప్పనులే" అని మాటివ్వకండి. అదే రోజు హెడ్మాస్టర్ గారికి చెప్పండి. పిల్లల హెల్ప్‌లైన్ నంబరు 1098.

ఒక చిన్న పుస్తకం

ఈ వ్యాసంలో ఒక్కటే గుర్తుంచుకుంటాం అంటే ఇది గుర్తుంచుకోండి. మొదటి రోజే ఇరవై రూపాయల నోటు పుస్తకం ఒకటి కొనండి. రోజూ బడి విడిచాక అయిదు నిమిషాలు కూర్చుని రాయండి: ఏ పేజీ నుంచి ఏ పేజీ దాకా చెప్పారు, హోంవర్క్ ఏం ఇచ్చారు, ఎవరు రాలేదు, ఎవరికి ఎక్కడ ఆగింది. ఇలా:

'ఏడో తరగతి. పూర్ణసంఖ్యల తీసివేత, సంఖ్యారేఖ మీద చేశాం. గుర్తుల నియమం ఇంకా చెప్పలేదు. 9, 14, 31 నంబర్లకి రేఖ మీద ఎడమ, కుడి తడబాటు. 22 మూడు రోజుల నుంచి రావడం లేదు, ఆఫీసులో చెప్పాను. అభ్యాసంలో 5వ లెక్క దాకా అయింది, 6 నుంచి మిగిలింది.'

ఎవరో రాసిన కోడ్‌లోకి ఒక్క కామెంటు కూడా లేకుండా దిగితే మనం ఎంత తిట్టుకుంటామో తెలుసు కదా. ఆర్నెల్ల తర్వాత తన క్లాసులోకి తిరిగొచ్చే టీచర్ పరిస్థితీ అదే. 'సిలబస్ అయిపోయింది' అనే ఒక్క వాక్యం ఆవిడకి పనికిరాదు. 'ఇంతమందికి ఇంతవరకు వచ్చింది' అన్నది పనికొస్తుంది. పిల్లల పేర్లకి బదులు రోల్ నంబర్లు రాయండి, ఆ పుస్తకం బడిలోనే ఉంచండి. అది మీ డైరీ కాదు.

నచ్చితే?

కొందరికి ఈ పని నిజంగానే నచ్చేస్తుంది. దారి లేదనుకోకండి. ఎన్‌సీటీఈ 2014 నిబంధనలు సైన్సు, లెక్కల నేపథ్యం ఉన్న ఇంజినీరింగ్ పట్టభద్రులకి 55 శాతం మార్కులతో బీఈడీలో చేరే వీలు ఇచ్చాయి. ఆ తర్వాత టెట్, డీఎస్సీ. అయితే ఎడ్‌సెట్ నోటిఫికేషన్‌లో ఆ ఏడాది అర్హతలు, ఏ మెథడాలజీకి వీలుందో సొంతంగా చదువుకుని దిగండి, ఎవరో చెప్పారని కాదు. నచ్చకపోయినా నష్టం లేదు. నలభైమంది ముందు నిలబడి ఒక విషయాన్ని మూడు రకాలుగా చెప్పడం నేర్చుకున్నవాళ్ళకి ఏ ఇంటర్వ్యూ ప్యానెలూ పెద్దగా భయపెట్టదు.

తిరిగిచ్చే రోజు

వెళ్ళేముందు వారం నుంచే పిల్లలకి చెప్తూ ఉండండి. చివరి రోజు ఉన్నట్టుండి మాయమైతే అదివరకు ఒకసారి జరిగిందే మళ్ళీ జరిగినట్టు అవుతుంది వాళ్ళకి. గ్రీటింగ్ కార్డులు ఇస్తారు, కొందరు ఏడుస్తారు, "మీరే ఉండండి మిస్, ఆ మేడమ్ వద్దు" అని కూడా అంటారు. వినడానికి ఎంత బాగున్నా ఆ మాటని అక్కడే ఆపండి. "మేడమ్ వస్తున్నారు, మీరు ఎంత నేర్చుకున్నారో ఆవిడకి చూపించండి" అని చెప్పండి. కొత్తొక వింత, పాతొక రోత అంటారు. ఆ వింత మన మీద రెండు వారాలకి మించి నిలవదని కూడా గుర్తుంచుకుంటే మంచిది.

నేను బదులు వెళ్ళిన టీచర్ తిరిగొచ్చిన రోజు, స్టాఫ్ రూంలో కూర్చుని ఆ నోటు పుస్తకం మొదటి నుంచి చివరిదాకా చదివారు. నన్ను అడిగింది ఒక్కటే: "పద్నాలుగో నంబరుకి ఇప్పుడు తీసివేత వస్తోందా?" ఇంకా రావడం లేదని చెప్పాను. ఆవిడ తల ఊపి, సుద్దముక్క తీసుకుని ఏడో తరగతిలోకి వెళ్ళారు. కారిడార్లో నిలబడితే వినిపించింది, "ఏరా, సంఖ్యారేఖ గీయి చూద్దాం" అని పద్నాలుగో నంబరుని బోర్డు దగ్గరికి పిలిచారు.